నెట్ సరిగా రాని క్లాసులో ప్యానెల్‌తో ఏం చెయ్యొచ్చండీ? మీరు నిజంగా వాడినవే చెప్పండి

లంకబడి మాస్టారు:

అందరికీ నమస్కారమండి. నేను హైస్కూల్లో పీఎస్ మాస్టార్ని, 8, 9, 10 తరగతులకి ఫిజికల్ సైన్సు, లెక్కల మాస్టారు సెలవు పెడితే అది కూడా మన నెత్తినే. రోజూ నర్సాపురం రేవులో బండితో సహా పంటు, అంటే బండ్లని కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కి సఖినేటిపల్లి వైపు దిగి అక్కణ్ణుంచి కొబ్బరి తోటల్లో పడి వెళ్తే మా బడి వస్తది. సిగ్నల్ సంగతి మీరే ఊహించుకోండి, స్టాఫ్ రూము కిటికీ దగ్గర రెండు గీతలు, క్లాసులోకి వెళ్తే ఒకటి, వానొస్తే అదీ ఉండదు, కరెంటు సంగతి సరేసరి.

విషయమేంటంటే మా గదుల్లో గోడకి పెద్ద టచ్ ప్యానెల్ బిగించారు కదా, మొదట్లో నేనూ సంబరపడ్డాను. వీడియో పెడదామని నొక్కితే ఆ గుండ్రం తిరుగుతానే ఉంటది, 44 మంది పిల్లలూ ఆ తిరిగేదాన్నే చూస్తా కూర్చుంటారు, ఈలోగా వెనక బెంచీలో కబుర్లు మొదలు, 45 నిమిషాల పీరియడ్లో పావుగంట గోదాట్లో కలిసిపోద్ది. ఇప్పుడు దాని పరిస్థితి ఏంటంటే ఇంటర్వెల్‌లో ఆడపిల్లలు అందులో చూసుకుని జడలు సర్దుకుంటున్నారు. అద్దంగా మాత్రం బాగా పనికొస్తందండి.

నెట్లో వెతికితే టీచర్లకి 50 టూల్సు, 100 టూల్సు అని బోలెడు లిస్టులొస్తాయి, అవన్నీ పిల్లాడికో లాప్‌టాపు గదికో వైఫై ఉన్న చోట కూర్చుని రాసినవి. నాకు అంత వద్దండి. మీరు మీ క్లాసులో వాడినవి, వాడి ఊరుకోకుండా రెండోసారి కూడా వాడబుద్ధయినవి చెప్పండి చాలు. ముఖ్యంగా నెట్ లేకుండా నడిచేవి కావాలి. ఇంకోటి, పిల్లల దగ్గర ఫోన్లుండవు, పాఠం ఎవరికి ఎక్కింది ఎవరికి ఎక్కలేదు అనేది స్లిప్ టెస్టు పెట్టి 44 పేపర్లు దిద్దే పని లేకుండా అక్కడికక్కడే తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా. ఇంకా తెలుగు మీడియం వాళ్ళు కొందరున్నారు, ప్రశ్నపత్రం తెలుగులో టైపు చెయ్యాలంటే నాకు ప్రాణం పోతుంది, దానికి కూడా ఏదైనా దారి చూపించండి బాబూ.


ఏరేటర్ల పక్క బడి:

మాస్టారూ నేనూ పీఎస్సే, భీమవరం అవతల. మీకు కొబ్బరి తోటలు, మాకు రొయ్యల చెరువులు, అంతే తేడా.

ముందు ఫెట్ (PhET) సంగతి చెప్తాను, ప్రయోగాలు తెర మీదే చేసి చూసుకునే సిమ్యులేషన్లు అన్నమాట. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళది, నోబెల్ ప్రైజు వచ్చిన కార్ల్ వీమన్ అనే ఫిజిక్స్ ఆయన 2002లో మొదలెట్టారు. కరెంటు సర్క్యూట్లు, కాంతి వక్రీభవనం, అణువు తయారుచెయ్యడం, భిన్నాలు ఇలా చాలా ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు. చాలామందికి తెలీని విషయం ఏంటంటే ప్రతి సిమ్యులేషన్ కింద డౌన్‌లోడ్ గుర్తు ఉంటది, నొక్కితే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు దిగుద్ది, అదేం పెద్ద సైజు కాదు. ఇంటి దగ్గర దింపి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే ఇంక నెట్‌తో పని లేదు. కొన్నింటికి తెలుగు అనువాదం కూడా ఉంది, దించేముందు అనువాదాల లిస్టులో చూసుకోండి, అన్నీ లేవు.

నేను ఎక్కువగా వాడేది డీసీ సర్క్యూట్ కిట్. ఇక్కడ ఒక మాట చెప్పాలి, మొదటి ఏడాది నేను దాన్ని సినిమా చూపించినట్టు చూపించాను, పిల్లలు చప్పట్లు కొట్టారు, తర్వాత పరీక్షలో చూస్తే సున్నా. రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాను. ఒక బ్యాటరీ, వరసగా రెండు బల్బులు పెట్టి, స్విచ్చి వెయ్యకుండా ఆపేసి, ఏ బల్బు ఎక్కువ వెలుగుద్దో నోట్సులో రాయమంటాను. సగం మందికి పైగా బ్యాటరీకి దగ్గరగా ఉన్న బల్బే ఎక్కువ వెలుగుద్ది అని రాస్తారు, ఎందుకురా అంటే ముందు దానికి కరెంటు అందుద్ది కదండి అంటారు, కాలవలో మొదటి తూము వాడికి నీళ్ళు ముందు అందినట్టు అన్నమాట, శివారు రైతుల పిల్లలు కదా మరి! తర్వాత స్విచ్చి వేస్తే రెండూ ఒకేలా వెలుగుతాయి, అప్పుడు మొహాలు చూడాలి. కాలవ నీళ్ళకీ కరెంటుకీ తేడా ఎక్కడుందో వాళ్ళ చేతే చెప్పించొచ్చు. షార్ట్ సర్క్యూట్ చేస్తే అందులో బ్యాటరీకి మంటలొస్తాయి, అది మాత్రం చివర్లో చూపించండి, ముందే చూపిస్తే ఇంక పీరియడంతా వాళ్ళు మంటలే పెడతారు.

రెండోది ఫైఫాక్స్ అనే ఫోన్ యాప్. జర్మనీలో ఆహెన్ యూనివర్సిటీ వాళ్ళది, ఫ్రీ, నెట్ అక్కర్లేదు. మన ఫోన్లో మైకు, కదలికని పట్టే సెన్సరు గట్రా ఉంటాయి కదా వాటిని కొలిచే పరికరాలుగా మార్చేస్తది. ధ్వని వేగం కొలిచే ప్రయోగం చెప్తాను వినండి. రెండు ఫోన్లు కావాలి, నాది ఒకటి, హిందీ మేడం గారిది ఒకటి. వరండాలో 5 మీటర్ల దూరంలో రెండూ నేల మీద పెట్టి రెండింట్లోనూ అకూస్టిక్ స్టాప్‌వాచ్ తెరవాలి. మొదటి ఫోను దగ్గర ఒక పిల్లాడు చప్పట్లు కొడితే రెండు ఫోన్లూ మొదలవుతాయి, కానీ రెండోది కొంచెం ఆలస్యంగా. తర్వాత రెండో ఫోను దగ్గర ఇంకొకడు కొడితే రెండూ ఆగుతాయి, ఈసారి మొదటిది ఆలస్యంగా. రెండు ఫోన్లలో టైములు తీసివేస్తే వచ్చే తేడా, శబ్దం ఆ 5 మీటర్లు వెళ్ళి వచ్చినంత, అంటే 10 మీటర్ల ప్రయాణానికి పట్టే టైము. మాకు 0.029 సెకను వచ్చింది, 10ని దాంతో భాగిస్తే దగ్గర దగ్గర 345. పుస్తకంలో ఉన్న అంకెకి ఇంత దగ్గరగా మా వరండాలో వచ్చేసరికి ఒక పిల్లాడైతే ఇది నిజంగా మనం కొలిచిందేనా సార్ అని మూడుసార్లు అడిగాడు.

ఒక్క తిప్పలేంటంటే చుట్టుపక్కల చప్పుడు ఉండకూడదు. మా బడి గోడ అవతల రొయ్యల చెరువులో ఏరేటర్లు, అదే నీళ్ళని చిలికి గాలి కలిపే చక్రాలు, తిరుగుతా ఉంటాయి, చప్పట్లు కొట్టకముందే స్టాప్‌వాచ్ మొదలైపోయేది. యాప్‌లో ఎంత శబ్దానికి మొదలవ్వాలో పెంచుకునే చోటు ఉంది, అది పెంచి, చేత్తో కాకుండా రెండు చెక్కలు కొట్టించాం, అప్పుడు కుదిరింది.

లెక్కలు కూడా మీ నెత్తినే అన్నారు కాబట్టి జియోజీబ్రా, అది కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తది. పదో తరగతి బహుపదుల్లో స్లైడర్ పెట్టి x² ముందుండే 'a' విలువ మారుస్తా ఉంటే పరావలయం ఎలా తెరుచుకుంటదో ఎలా తిరగబడుద్దో చూపించండి, బల్ల మీద పది గ్రాఫులు గీసే టైము మిగులుద్ది.


సుద్దముక్క:

ఇవన్నీ బానే ఉన్నాయి గానీ, సర్వీసులో ఇంకో ఏడాదిన్నర మిగిలినవాడిగా ఒక మాట. ఆ మధ్య పొద్దున్న బడికి రాగానే హాజరుకో యాప్, గుడ్లకో యాప్, భోజనం ఫోటోకో యాప్, మరుగుదొడ్ల ఫోటోకో యాప్ ఉండేవి, మా హెచ్ఎం గారైతే దొడ్డి ఫోటో పొరపాటున భోజనం యాప్‌లో ఎక్కించేసి వారం రోజులు సంజాయిషీ రాసుకున్నారు. ఇప్పుడు పాఠానికి కూడా యాప్ అంటే నాకు ఒళ్ళు మండుద్ది.

ఏరేటర్ల మాస్టారు చెప్పింది కాదనను, ఆ ఊహించి రాయించడం మంచి పద్ధతే. కానీ ఆ రెండు బల్బుల పని టార్చిలైటు బల్బులు రెండు, రెండు సెల్లులు పెట్టి నేను 1993 నుంచీ చేస్తన్నాను. ముందు చేతికి వైరు ఇవ్వండి, వైరు కొస వేలికి గుచ్చుకోవాలి, తర్వాత కావాలంటే తెర మీద చూపించుకోండి. తెర మీద బల్బు ఎప్పుడూ వెలుగుద్ది మాస్టారూ, లూజు కనెక్షన్ అనేది ఉండదు, అసలు చదువంతా ఆ లూజు కనెక్షన్ వెతకడంలోనే ఉంది.

అక్కడికక్కడ ఎవరికి వచ్చిందో తెలియాలి అన్నారు కదా. పలకలు కొనండి. హైస్కూలు పిల్లలకి పలకేంటని నవ్వుతారు, రెండు రోజులు నవ్వి మానేస్తారు. ప్రశ్న చెప్పండి, పలక మీద రాసి ఒక్కసారి ఎత్తమనండి. నెట్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.


ఏరేటర్ల పక్క బడి:

సుద్దముక్క మాస్టారూ మీతో నాకు పేచీ లేదండి, నేనూ నిజం బల్బులు చేయిస్తాను, కానీ 44 మందికి పదకొండు సెట్లు, అందులో ఎప్పుడూ నాలుగు పనిచెయ్యవు. తెర మీద అయితే వైరు లోపల ఎలక్ట్రాన్లు కదలడం కనపడుద్ది, అది మన టార్చి బల్బులో ఎవడికీ కనపడదు. దేని పని దానిది. పలకల మాట మాత్రం నాకు బాగా నచ్చింది.


రెండు గదుల టీచరమ్మ:

నమస్తే అండి. నేను ప్రైమరీ, ఎస్జీటీని, 1 నుంచి 5 దాకా ఇద్దరమే టీచర్లం. హైస్కూల్ వాళ్ళ మధ్యలో దూరుతున్నాను ఏమనుకోకండి, కానీ పిల్లల దగ్గర ఫోన్లు లేకుండా తెలుసుకోవడం అనే మాట చూసి ఆగలేకపోయాను.

ప్లిక్కర్స్ అని ఒకటుందండి. పిల్లాడికో కాగితం కార్డు ఇస్తాం, దాని మీద క్యూఆర్ కోడ్ లాంటి నల్ల బొమ్మ, నాలుగు అంచుల్లో చిన్న అక్షరాలతో ఏ, బీ, సీ, డీ. పిల్లాడు తన జవాబు పైకి వచ్చేలా కార్డుని తిప్పి పట్టుకుంటాడు. మనం ఫోన్ కెమెరాని క్లాసు మీద ఒకసారి అలా తిప్పితే ఎవరు ఏం చెప్పారో మన ఫోన్లోకి వచ్చేస్తది. ప్రతి కార్డు బొమ్మా వేరు, అక్షరాలు చిన్నవి, కాబట్టి పక్కోడిది చూసి తిప్పడం కుదరదు. కార్డులు 63 దాకా ఉన్నాయి, మీ 44 మందికి సరిపోతాయి. కార్డు నెంబరూ రోల్ నెంబరూ ఒకటే చెయ్యండి, లేకపోతే మీరే తికమక పడతారు.

నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. చిరిగిపోకుండా ఉంటాయని మొదటిసారే అన్నీ లామినేషన్ చేయించేశాను, నిగనిగలాడే రకం. కిటికీ వెలుతురు పడి మెరుస్తుంటే కెమెరాకి సగం కార్డులు కనపడలేదు, డబ్బులు దండగ. మెరవని లామినేషన్ ఉంటది అది చేయించండి, లేదా దళసరి అట్ట మీద అంటించండి చాలు. పిల్లలు వేళ్ళతో నలుపు కప్పెయ్యకుండా అంచులు పట్టుకోవడం కూడా నేర్పాలి. దీనికి ఫోన్లో నెట్ కొంచెం కావాలండి, వీడియో అంత కాదు, కిటికీ దగ్గర రెండు గీతలు ఉన్నాయన్నారుగా దాంతో నడిచిపోద్ది.

ఇంకోటి మీకు కాదుగానీ ఇది చదివే ప్రైమరీ వాళ్ళకి, స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015 సెప్టెంబరు 8న, అక్షరాస్యత దినోత్సవం రోజున మొదలెట్టారు. తెలుగులో బొమ్మల కథలు లెవెల్ వారీగా ఉంటాయి, పీడీఎఫ్ దించుకుని ప్రింటు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మనమే అనువాదం చెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనరు, లైసెన్సే అలాంటిది. మా మూడో తరగతి పిల్లలతో ఒక కథని మా ఊరి మాటల్లోకి మార్పించాను, పడవని పంటు చేశారు, అడవిని కొబ్బరితోట చేశారు, పులిని ఏం చెయ్యాలో తెలీక ఉంచేశారు. కొబ్బరితోటలో పులి. ఆ కథ ఇప్పటికి ఎన్నిసార్లు చదివారో లెక్కే లేదు, అక్షరాలు కూడబలుక్కునే పిల్ల కూడా ఆ పులి పేజీ గడగడా చదివేస్తది.

అరవింద్ గుప్తా గారి సైట్ మీ పీఎస్ వాళ్ళందరికీ తెలిసే ఉంటది, 2018లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. చెత్తతో చేసే బొమ్మలు, చిన్న చిన్న వీడియోలు, పుస్తకాలు, కొన్ని తెలుగులో కూడా. ఒక సెల్లు, రెండు పిన్నీసులు, రాగి తీగ చుట్ట, ఒక అయస్కాంతంతో తిరిగే మోటారు ఉంది చూడండి, అది సుద్దముక్క మాస్టారికి కూడా నచ్చుద్ది.


సుద్దముక్క:

ఆ మోటారు మా బడిలో పదేళ్ళుగా తిరుగుతోందమ్మా. రాగి తీగ ఎనామిల్ ఒకవైపు పూర్తిగా, రెండోవైపు సగమే గీకాలి, అది చెప్పకపోతే తిరగదు. వీడియో చూసి చేసినవాళ్ళలో సగం మంది అక్కడే తప్పుతారు.


చెరువైన చేను:

నేను సోషల్ అండి. మీ సైన్సు వాళ్ళ గొడవలో నేనూ ఒక మాట వేసి పోతాను. గూగుల్ ఎర్త్ ప్రో, కంప్యూటర్లో వేసుకునేది, 2015 నుంచి ఫ్రీ. అందులో గడియారం బొమ్మ నొక్కితే పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వస్తాయి. నేను ఇంటి దగ్గరే మా మండలం బొమ్మలు నాలుగు వేరు వేరు సంవత్సరాలవి సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను, క్లాసులో నెట్ అవసరమే రాలేదు. మొదటి బొమ్మ అంతా ఆకుపచ్చ. రెండోదాంట్లో అక్కడక్కడా నీలం గళ్ళు. నాలుగోదానికొచ్చేసరికి ఊరు చుట్టూ చెరువులే. ఒక పిల్ల లేచి వచ్చి ప్యానెల్ మీద వేలు పెట్టి ఇదిగో సార్ ఇది మా తాతయ్య గారి చేను, మా పెళ్ళిళ్ళకి బియ్యం ఇక్కణ్ణుంచే వచ్చేవంట అంది. ఇంక ఆ రోజు పాఠం నేను చెప్పలేదు, వాళ్ళే చెప్పారు, చెరువు ఎందుకు తవ్వారు, కౌలు ఎంత, బోరు నీళ్ళు ఎందుకు ఉప్పుగా అయ్యాయి, పక్క చేను వాడు ఎందుకు తవ్వక తప్పలేదు, అంతా వచ్చేసింది. కొల్లేరు చూపించినా అంతే, 2006లో చెరువుల గట్లు కొట్టించారే, ముందూ వెనకా బొమ్మలు పెడితే అదే ఒక పాఠం.

అలాగే ధవళేశ్వరం దగ్గర నుంచి కిందకి గోదావరి గౌతమి, వశిష్ఠగా విడిపోవడం మ్యాపు పుస్తకంలో రెండు నీలం గీతలు, ఎర్త్ మీద చూస్తే మన ఊళ్ళ మధ్యలోంచి పోతది. ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852లో ముగించారు అని బట్టీ పట్టించే బదులు కాటన్ దొర కాలవలు ఎటు పోతున్నాయో వేలితో గీయించండి, ఎవరి ఊరు ఏ కాలవ కిందకి వస్తదో వాళ్ళే చెప్తారు. ఇస్రో వాళ్ళ భువన్ కూడా ఉంది, 2009 నుంచి, మనదే అని చెప్తే పిల్లలకి అదో ఇది. తుఫాను టైములో అయితే విండీ అనే సైటులో గాలి సుళ్ళు తిరగడం చూపిస్తాను, 96 తుఫాను గురించి ఇంట్లో విన్న పిల్లలు కదా, దాన్ని మాత్రం నోరెత్తకుండా చూస్తారు.

ఇప్పుడు అందరూ ఏఐ ఏఐ అంటున్నారు కదా, దాని సంగతి. ప్రశ్నలు తయారుచెయ్యడానికి ఒక ఏఐ బాట్‌ని అడిగాను, గోదావరి డెల్టా మీద తెలుగులో 20 బిట్లు ఇమ్మని. నిమిషంలో ఇచ్చింది, చూడ్డానికి దివ్యంగా ఉన్నాయి, నేనూ పైపైన చూసి ప్యానెల్ మీద పెట్టేశాను. తొమ్మిదో బిట్‌లో వైనతేయ పాయ యానాం దగ్గర సముద్రంలో కలుస్తుంది అని సరైన జవాబుగా ఉంది. వెనక నుంచి ఒకడు లేచి, మా అమ్మమ్మ గారిది ఓడలరేవండి, వైనతేయ అక్కడే కలుస్తాది, యానాం పోయేది గౌతమి కదండి అన్నాడు. నలభై మంది ముందు ఏం చెప్తాం, ఒప్పుకున్నాను. ఆ తర్వాత నుంచి అదే పని పెట్టుకున్నాను, బాట్ ఇచ్చిన బిట్లు వాళ్ళకే ఇచ్చి అందులో తప్పులు పట్టండ్రా అంటాను, పట్టినోడికి ఒక జీడి. ప్రశ్నలు తయారుచెయ్యడం కంటే దానికే ఎక్కువ పనికొస్తంది. కానీ ఒక్క జాగ్రత్త, పిల్లల పేర్లు, మార్కులు, ఆధార్ నెంబర్లు లాంటివి అందులో పెట్టకండి, మా వాళ్ళొకరు రిపోర్టు రాయమని మొత్తం క్లాసు లిస్టు పెట్టేశారు, చెప్పినా వినరు.


వలపలగిలక:

తెలుగు టైపింగ్ మాట ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి తెలుగు పండితుడిగా అది నా వాటా.

మాస్టారూ, మీకు ప్రాణం పోవడానికి కారణం మీరు కాదు. డీటీపీ సెంటర్లలో పాత రకం ఫాంట్లతో కొట్టిస్తాం, అది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లో ఏ ఫోన్లో తెరిచినా తెలుగుగానే కనపడే పద్ధతి, కాదు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే చీమలు పాకినట్టు ఉంటది, ఫోన్లో అసలే రాదు, వెతికితే దొరకదు, వచ్చే ఏడాది అదే పేపరు మళ్ళీ మొదట్నుంచి కొట్టించాలి. యూనికోడ్‌లో కొడితే ఒకసారి కొట్టింది ఎప్పటికీ ఉంటది. ఫోన్లో గూగుల్ కీబోర్డు పెట్టుకుని తెలుగు ఎంచుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడండి. మామూలు స్పీడులో, వార్తలు చదివినట్టు. నూటికి తొంభై మాటలు సరిగ్గానే పడతాయి, ఒత్తులు, సున్నాలు, ళ దగ్గర ల పడటం లాంటివి చూసుకోవాలి. కంప్యూటర్లో అయితే విండోస్‌లోనే తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉంది, సెట్టింగుల్లో ఆన్ చేసుకుంటే చాలు. లేఖిని సైటు కూడా పాతదే, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో వస్తది.

పాత ప్రశ్నపత్రాలు కాగితాల మీద ఉన్నాయా, వాటిని ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, డాక్స్‌తో తెరవండి, ఫోటో కింద అక్షరాలుగా వస్తది. ఫోటో తిన్నగా, నీడ పడకుండా తియ్యాలి. మొత్తం ఒకసారి చదువుకోండి, నా పేపర్లో ఛందస్సు కాస్తా చందస్సు అయ్యింది, పరువు పోయేది.

ఫాంట్లు కూడా చెప్తాను, చాలామందికి తెలీదు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా బోలెడున్నాయి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ, మల్లన్న, తెనాలి రామకృష్ణ... అష్టదిగ్గజాల్లో దాదాపు అందరూ ఉన్నారు. ప్రశ్నపత్రానికి మండలి బాగుంటది, దివిసీమ ఉప్పెన టైములో సాయం చేసిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు పెట్టారు దానికి, అక్షరం స్పష్టంగా ఉంటది, జిరాక్సు తీసినా ఒత్తులు చెరిగిపోవు. హెడ్డింగుకి రామభద్ర, లావుగా ఉంటది. ధూర్జటితో ప్రశ్నపత్రం కొట్టకండి, పెళ్ళి శుభలేఖలా ఉంటది.


లంకబడి మాస్టారు:

అమ్మబాబోయ్, ఇంతమంది ఇన్ని చెప్తారనుకోలేదండి. ఒక్కోటీ చేసి చూసి చెప్దామని ఆగాను, రెండు వారాలైంది.

ఫెట్ ఫైలు ప్యానెల్లో మొదటి రోజు తెరుచుకోలేదు, పెన్‌డ్రైవ్ నుంచి నొక్కితే ఏవో కోడు అక్షరాలొచ్చాయి, పిల్లలు సార్ వైరస్ అన్నారు. తర్వాత ఫైలుని ప్యానెల్ మెమరీలోకి కాపీ చేసి, క్రోమ్‌తో తెరువు అని ఎంచుకుంటే వచ్చింది. ఇది ఎవరికైనా అవసరమవుద్దని రాస్తన్నాను. రెండు బల్బుల ప్రశ్న అడిగాను, ఏరేటర్ల మాస్టారు చెప్పినట్టే 44లో 29 మంది దగ్గర బల్బే అన్నారు. ఈ లెక్క ఎలా వచ్చిందంటే పలకల వల్ల. సుద్దముక్క మాస్టారూ మీకు దండమండి. పక్క ప్రైమరీ స్కూల్లో అటక మీద పడున్న పాత పలకలు ఇరవై దొరికాయి, మిగతావి అట్ట మీద తెల్ల కాగితం అంటించి పైన ప్లాస్టిక్ కవరు వేసి చేసుకున్నాం, మార్కరుతో రాసి గుడ్డతో తుడిచేస్తారు. రోజూ పలకలే వాడుతున్నాను. ప్లిక్కర్స్ కార్డులు శుక్రవారం మాత్రం, ఎందుకంటే దాంట్లో ఎవరు ఏ ప్రశ్న తప్పారో ఫోన్లో ఉండిపోద్ది, పలక తుడిస్తే పోయింది. కార్డులు తీసుకెళ్ళి కిటికీ పక్క నిలబడి స్కాన్ చేస్తన్నాను, పిల్లలు నన్ను చూసి ఫోటోలు దిగుతున్నారు.

బల్బుల పాఠంలో సుద్దముక్క మాస్టారు చెప్పిన వరస పాటించాను, ముందు నిజం వైర్లు, తర్వాత తెర. లూజు కనెక్షన్లు మూడు వచ్చాయి. ఒక జట్టుకి ఎంతకీ వెలగలేదు, చివరికి సెల్లు అయిపోయిందని తేలింది, అది కనిపెట్టినోడు ఎప్పుడూ నోరెత్తని పిల్లాడు, ఇప్పుడు ప్రతి జట్టూ వాణ్ణే పిలుస్తంది.

ధ్వని వేగం మాత్రం ఇంకా కుదర్లేదు. మాకు ఏరేటర్లు లేవు గానీ కొబ్బరి ఆకుల గలగల ఉంటది, గాలి ఆగదు. మొదటి రోజు 280 వచ్చింది, రెండో రోజు 410. 5 మీటర్లు తాడుతో కొలిచాం, తాడు సాగిందేమో అని ఒకడన్నాడు, ఈసారి టేపు తెమ్మన్నాను. ఏరేటర్ల మాస్టారూ ఫోన్లు నేల మీదే పెట్టాలా, స్టూలు మీద పెడితే తేడా వస్తదా?


ఏరేటర్ల పక్క బడి:

స్టూలు మీద పెట్టినా పర్లేదు మాస్టారూ, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, దూరం ఫోన్ల మైకుల మధ్య కొలవాలి. చప్పుడు కొట్టేవాడు ఫోనుకి ఆనుకుని కొట్టాలి, పక్కన అర మీటరు దూరంలో నిలబడి కొడితే లెక్క పాడవుద్ది, మీ 410కి అదే కారణం అయ్యుంటది, 280కి మాత్రం గాలి చప్పుడో తాడు కొలతో చూసుకోండి. ఇంకా గది లోపల చెయ్యండి, తలుపులు వేసి, ఫ్యాన్లు ఆపి. ఒక్కసారి చేసి ఊరుకోవద్దు, పదిసార్లు చేసి సరాసరి తీయండి. నాకు 345 కూడా మొదటి రోజు రాలేదు, అది మీకు చెప్పలేదు కదూ, మూడో రోజు వచ్చింది.


లంకబడి మాస్టారు:

ఆనుకుని కొట్టాలా! మావాడు బుద్ధిగా రెండడుగులు పక్కకి జరిగి నిలబడి కొట్టాడండి, ఫోను పగిలిపోద్దని. సరే రేపు మూడో పీరియడ్ మళ్ళీ చేస్తాం, హిందీ మేడం గారు ఫోను ఇవ్వనంటున్నారు, సోషల్ మాస్టార్ని అడగాలి. పంటు కొట్టుకొచ్చేసింది, బండి ఎక్కించాలి, ఉంటానండి.